గ్లవ్‌కి పెట్టిన పసుపు

సుమతి డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలకి హాల్ టికెట్ వచ్చిన వారానికే ఆమె పాస్‌పోర్టులో వీసా స్టాంపు పడింది. పరీక్షలకేముంది, ఎప్పుడైనా రాసుకోవచ్చులే అన్నారు అందరూ. అబద్ధం చెప్పాలని ఎవరూ అనలేదు కానీ ఆ మాట అక్కడితో అయిపోయింది.

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనో వచ్చాక తెలిసింది, తన వీసా మీద ఉద్యోగం చేయకూడదని. కారు నడపడం రాదు. కారు లేకపోతే ఆ ఊళ్ళో పాలు కూడా తెచ్చుకోలేరు. భర్త నరసింహ ఆఫీసుకి వెళ్ళాక ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఎదురింటి గరాజ్ తలుపు ఎన్నిసార్లు లేస్తుందో చూస్తూ ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల అని అత్తగారు మెచ్చుకునేది. ఆ మాటే నరసింహ విసుక్కుంటూ అనేవాడు. డోర్‌బెల్ మోగితే సుమతి స్టవ్ కట్టేసి, లోపల మనిషి ఉన్నట్టు తెలియకుండా నిలబడిపోయేది.

అలాంటి ఇంట్లో 2006 ఏప్రిల్‌లో ఒక బేస్‌బాల్ ఆటగాడు వచ్చి దిగాడు.

పక్క ఊళ్ళో ఒక మైనర్ లీగ్ టీమ్ ఉంది. పెద్ద లీగ్‌కి పనికొస్తారా రారా అని కుర్రాళ్ళని వడపోసే చోటు అది. జీతాలు అంతంత మాత్రం. అందుకని ఊళ్ళోవాళ్ళే తలా ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఒక గది ఇచ్చి, సీజన్ అయిపోయేదాకా చూసుకోవడం ఆనవాయితీ. ఆఫీసులో నరసింహ పై మేనేజర్ ఆ టీమ్ అభిమానుల సంఘంలో పెద్ద. మీ ఇంట్లో గది ఖాళీగా ఉందిగా అని ఆయన అడిగిన నాటికి, నరసింహ గ్రీన్ కార్డ్ కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి.

"ఒక్క సీజనే సుమతీ. సెప్టెంబర్ మొదటి వారానికి వెళ్ళిపోతాడు."

"పగలంతా నేనొక్కదాన్నే ఉంటా కదండీ."

"పగలు వాడు నిద్రపోతాడు. లేచి గ్రౌండ్‌కి పోతాడు. అసలు నీ కంట పడితే కదా."

"ఏం తింటాడో."

"మనం పెట్టక్కర్లేదు. రూమ్ ఇస్తే చాలు. పైగా ఫ్రీ టికెట్స్."

రెండు వీధుల అవతల ఉండే సుధకి ఈ సంగతి తెలిసి, ఆ సాయంత్రమే వచ్చి కూర్చుంది. ఆమెది కరీంనగర్. "ఆరడుగుల పిల్లగాణ్ణి ఇంట్ల తెచ్చిపెట్టుకుంటున్నరట. పెరుగన్నం పెట్టి పెంచుతవా ఏంది?" అని ఒకటే నవ్వు.

వచ్చినవాడి పేరు వెస్లీ. ఇరవై రెండేళ్ళు, కేన్సస్‌లో పొలాల మధ్య ఇల్లు. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. వెస్లీ ఎడమచేతి పిచ్చర్. మొదటిరోజు ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట బూట్లు విప్పి, వరసగా పెట్టి లోపలికి వచ్చాడు. సుమతి అది గమనించింది. ఆమె గమనించనిదంటూ ఉండేది కాదు. అతను తువ్వాలు మడత పెట్టే తీరు, బంతి పట్టడానికి చేతికి తొడుక్కునే తోలు గ్లవ్‌కి వారానికోసారి గుడ్డతో నూనె రాసి, అందులో బంతి పెట్టి తాడుతో కట్టే తీరు, ఇంటికి ఫోన్ చేస్తే తల్లితో పది నిమిషాలు, తండ్రితో పది మాటలు మాట్లాడటం, అన్నీ.

తనకంటే ఏడాది పెద్దదైన ఆమెని అతను 'మ్యామ్' అనేవాడు. మొదటి నెలంతా ఆమె తల ఊపడంతోనే సరిపెట్టింది. ఒకరోజు వంటింటి అరలో జొన్నపిండి పొట్లం చూసి, దాని మీది బొమ్మ గుర్తుపట్టాడు.

"మా నాన్న పండించేది ఇదే, మ్యామ్. మేం ఆవులకి వేస్తాం."

ఆ పూట ఆమె రొట్టెలు చేసింది. వంకాయ కూరతో నాలుగు తిని, చేతులు తుడుచుకుని, "మా ఆవులు ఇంత బాగా తింటున్నాయని నాకు తెలియదు" అన్నాడు గంభీరంగా. ఆ ఇంట్లో సుమతి పైకి వినపడేలా నవ్వడం అదే మొదలు.

ఆటలకి వెళ్ళడం కూడా అలవాటయింది. నరసింహ స్కోరు చూసేవాడు, ఆమె మనిషిని చూసేది. జూన్‌లో రెండు ఆటలు వరసగా ఓడిపోయి వెస్లీ దిగాలుగా వంటింట్లో నీళ్ళు తాగుతుంటే, ఆమె రెండు రోజులుగా మనసులో కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యం బయటపెట్టింది. నెమ్మది బంతి వేసే ముందు మీరు కింది పెదవి కొరుకుతారు, వేగం బంతికి కొరకరు. అతను గ్లాసు కింద పెట్టాడు.

"మా కోచ్‌కి కనపడలేదు, మ్యామ్. అవతలి టీమ్‌కి కనపడి ఉంటుంది."

తర్వాతి అయిదు ఆటల్లో నాలుగు గెలిచాడు. ఆ వేసవి సుమతికి తాను ఏదో చదువుకుంటున్నట్టు, ఆ చదువులో తనకి మార్కులు పడుతున్నట్టు ఉండేది.

ఆగస్టు చివరి శనివారం అతను గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ చెప్పాడు. రేపటి ఆటకి పెద్ద టీమ్ నుంచి మనిషి వస్తున్నాడు. తనని చూడటానికే. నాన్న కూడా పొలం పనులు ఆపి, కేన్సస్ నుంచి కారులో వస్తున్నాడు.

"నా కోసం ప్రార్థన చేయండి, మ్యామ్."

వాళ్ళ ఊళ్ళో సెలవు తీసుకునేటప్పుడు అలా అనడం మామూలు. సుమతి దాన్ని తనకి అప్పజెప్పిన పని అనుకుంది.

మర్నాడు ఆదివారం వినాయక చవితి. హాల్లో పీట వేసి, పాలవెల్లి బదులు కర్టెన్ రాడ్‌కి మొక్కజొన్న పొత్తులూ ఆపిల్ పళ్ళూ కట్టింది. పుస్తకాలు దేవుడి దగ్గర పెట్టే పండగ అది. నరసింహ తన లాప్‌టాప్ తెచ్చి పెట్టాడు. చిన్నప్పుడు సుమతి ఒక్క పుస్తకం కూడా వదలకుండా పెట్టేది, లెక్కల పుస్తకం అడుగున దాచి మరీ. ఇప్పుడు పెట్టడానికి తనదంటూ ఏమీ లేదు. వెస్లీ గదిలో నిద్రపోతున్నాడు. అతని గ్లవ్ ఎప్పటిలాగే మెట్ల పక్క బల్ల మీద ఉంది.

లేపి అడగవచ్చు. అడగడానికి ఇంగ్లీషులో ఏమని చెప్పాలో ఆలోచించి, ఆలోచించి, అడగకుండానే తీసుకుంది.

నీళ్ళతో కలిపిన పసుపు తోలు మీద నిలవదు. సుమతి తండ్రి దర్జీ. కుట్టుమిషన్‌కి పసుపు రాలకుండా ఉండాలని నువ్వుల నూనెలో కలిపి పెట్టేవాడు. ఆమె కూడా అలాగే కలిపి గ్లవ్‌కి నాలుగు చోట్ల పెట్టి, అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకుంది. పూజ అయ్యాక టిష్యూతో మూడు చోట్ల శుభ్రంగా తుడిచేసింది. నాలుగోది, బంతి కూర్చునే చోట తోలు దారాల మడతలో ఉన్నది, తుడవబోయి చేయి ఆపుకుంది. పెట్టిన బొట్టు పూర్తిగా చెరిపేస్తే అశుభం. ఒక్కటైనా ఉండాలి. మడత లోపలే ఉంది, ఎవరికీ కనపడదు. అలా అనుకుని గ్లవ్‌ని ఎక్కడిదక్కడ పెట్టేసింది.

ఆట సాయంత్రం ఆరింటికి. ఎండ ఇంకా పెనం మీద నిలబడ్డట్టే ఉంది. వెస్లీ తండ్రి వాళ్ళ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. పొడుగ్గా, ఎండి, మాటకి మాటకీ మధ్య గడియ తీసుకునే మనిషి. మావాడికి అన్నం పెడుతున్నారట, థాంక్స్ అన్నాడు సుమతితో. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో మొదటి మూడింటిలో వెస్లీ ఎవర్నీ కదలనివ్వలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు బ్యాటర్ ఆట ఆపమని చేయెత్తి, బంతిని చూడమని అంపైర్‌కి చెప్పాడు. వాళ్ళ జట్టు మేనేజర్ కూడా మైదానంలోకి వచ్చాడు. తెల్లటి బంతి మీద పసుప్పచ్చటి మరక. అంపైర్ వెస్లీ దగ్గరికి నడిచి, గ్లవ్ అడిగి తీసుకుని, లోపల వేలు పెట్టి తిప్పాడు. వేలు బయటికి తీసి ఎండలో పైకి పట్టుకున్నాడు.

పైన కూర్చున్న సుమతికి ఆ వేలి కొస పచ్చగా కనిపించింది. టెక్సస్ ఎండకి నూనె కరిగి, మడతలోంచి పాకింది. అంత జనంలో అదేమిటో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

"ఏమయిందండీ?" అంది తెలిసీ.

"బంతికి ఏదో పూశాడంటున్నారు. క్రికెట్‌లో బాల్ టాంపరింగ్ లాగే. పిచ్చర్ దగ్గర ఏ జిడ్డు దొరికినా ఇక్కడ బయటికి పంపించేస్తారు" అన్నాడు నరసింహ.

వెస్లీ రెండు చేతులూ చాచి ఏదో చెబుతున్నాడు. అంపైర్ గేటు వైపు చూపించాడు. అంతవరకు చప్పట్లు కొట్టిన జనమే అరవడం మొదలుపెట్టారు. వెనక వరసలో ఎవరో 'చీటర్' అన్నారు, ఆ మాటే వరసలు దాటుకుంటూ పోయింది. వెస్లీ తండ్రి టోపీ పెట్టుకుని, లేచి, వాళ్ళ మోకాళ్ళు తగలకుండా జాగ్రత్తగా దాటి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొడుకు కోసం ఆగలేదు. ఆ రాత్రికే కేన్సస్ తిరిగి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

కారెక్కగానే సుమతి నరసింహకి మొత్తం చెప్పేసింది. అతను స్టార్ట్ చేసిన ఇంజిన్ ఆపాడు.

"ఎవరితో అన్నావు ఈ మాట?"

"మీతోనే. వాళ్ళకి చెబుదామండీ. పసుపేగా, పూజకని చెబితే..."

"ఏం చెబుతావు? వాడి గ్లవ్ నువ్వు ముట్టుకున్నావని మా మేనేజర్‌కి తెలిస్తే? ఆయన సంతకం లేకపోతే పెట్టేబేడా సర్దుకోవాలి మనం. కొన్నాళ్ళు నోరు మూసుకుని ఉండు. అది నీకు బాగా వచ్చుగా."

మర్నాడు పొద్దున కోచ్ ఇంటికి వచ్చాడు. పది ఆటల సస్పెన్షన్ పడింది, సీజన్‌లో మిగిలినవే అన్ని లేవు. అప్పీలు చేసుకోవడానికి ఆ ఒక్క రోజే గడువు. వెస్లీ బల్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.

"ఈ ఇంట్లో ఏదైనా క్రీమ్ కానీ, పెయింట్ కానీ, గ్లవ్‌కి తగిలి ఉండే వీలుందా?" అని కోచ్ అడిగాడు.

"లేదు. మా ఇంట్లో అలాంటివేం ఉండవు" అన్నాడు నరసింహ.

కోచ్ వంటింటి వైపు చూశాడు. తాలింపు డబ్బాలో పసుపు సుమతి చేతికి అందేంత దూరంలో ఉంది. వాక్యం కూడా సిద్ధంగా ఉంది, రాత్రంతా కూర్చుకున్నదే. వెస్లీ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె తేలు కుట్టిన దొంగలా సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మంగళవారం అతను బ్యాగ్ సర్దుకుని గుమ్మం దగ్గర బూట్లు వేసుకున్నాడు.

"రొట్టెలకి థాంక్స్, మ్యామ్."

డిసెంబర్‌లో కేన్సస్ నుంచి క్రిస్మస్ కార్డు వచ్చింది, వెనక ఇంటి అడ్రసు. సుమతి దానికి జవాబు రాయలేదు. జనవరిలో టీమ్ అతన్ని వదిలేసిందని నరసింహ ఆఫీసులో విని వచ్చి, అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

కాలం ఆగలేదు. కూతురు అనిక పుట్టింది. సుధ పక్కన కూర్చుని అరుస్తూ తిడుతూ డ్రైవింగ్ నేర్పింది. సుమతి లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసులకి వెళ్ళింది. 2012లో గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలోనే ఒక డ్రై క్లీనింగ్ షాపులో బట్టలు సరిచేసే పనికి కుదిరింది. దర్జీ కూతురు కదా, చేయి తిరిగింది. పెళ్ళిళ్ళ సీజన్‌లో తెలుగువాళ్ళు పట్టుచీరలు తెచ్చి, ఈ పసుపు పోతుందా అని అడిగేవాళ్ళు. పోదండీ అని చెప్పి చీర మడిచి ఇచ్చేసేది.

2014 వేసవిలో ఒకావిడ ఆ టీమ్ జెర్సీ తెచ్చి చేతులు కుదించమంది. మాటల్లో, టీమ్ వాళ్ళు వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టారని, పాత ఆటగాళ్ళతో మీ జ్ఞాపకాలు రాయమంటున్నారని, తను కూడా రాశానని చెప్పింది. సుమతి లంచ్ టైమ్‌లో ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది.

ఎన్నో ఉన్నాయి. వాన పడి ఆట ఆగితే ఒక ఆటగాడు తడిసిన బట్టలతోనే తమ పిల్లలతో పేకాట ఆడాడని ఒకరు. తన విరిగిన చేతి కట్టు మీద సంతకం చేస్తే, కట్టు విప్పాక కూడా దాచుకున్నానని ఇంకొకరు. పెద్ద లీగ్‌కి వెళ్ళి పేరు తెచ్చుకున్నవాడు ఒకప్పుడు తమ గరాజ్‌లో పడుకున్నాడని ఒక ముసలాయన. చదువుతుంటే ఆమెకి ముచ్చటేసింది. కిందికి వెళ్ళాక వెస్లీ పేరు కనిపించింది.

'2006లో వెస్లీ అని ఒకడుండేవాడు. మా అబ్బాయికి ప్రాణం. బంతి మీద సంతకం చేయించుకుని దిండు పక్కన పెట్టుకునేవాడు. మోసం చేస్తూ దొరికిపోయిన రోజు మావాడు ఆ బంతిని తనే తీసుకెళ్ళి చెత్తకుండీలో వేశాడు. అయినా మంచి పాఠమే నేర్చుకున్నాడు.'

దాని కింద పదకొండు మంది అవునన్నారు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ నరసింహ ముందు పెట్టింది. అతను చదివి కళ్ళజోడు తీశాడు.

"ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడెందుకు?"

"అప్పుడు గ్రీన్ కార్డ్ అన్నారు. వచ్చి రెండేళ్ళయింది."

అతను చాలాసేపు కళ్ళజోడు తుడుస్తూ కూర్చున్నాడు. "రాయి. చెప్పొద్దన్నది నేనేనని కూడా రాయి" అన్నాడు చివరికి.

అది మాత్రం ఆమె రాయలేదు. మిగతాది రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆరేళ్ళ అనిక భుజం మీంచి తొంగిచూసి, తనకి వచ్చినంత కూడబలుక్కుని చదివింది.

"అమ్మా, ఇది చదివితే నువ్ బ్యాడ్ పర్సన్ లాగ ఉన్నావ్."

"ఉండనీ."

పసుపు పెట్టింది తనేనని, అతనికి తెలియదని, కోచ్ అడిగిన రోజున ఆ గదిలోనే ఉండి పలకలేదని రాసి, కింద పూర్తి పేరూ షాపు పేరూ పెట్టింది. నలుగురు మెచ్చుకున్నారు. ఇద్దరు, ఇన్నేళ్ళకి ఇప్పుడొక కథా అన్నారు. బంతి పారేసిన అబ్బాయి తండ్రి ఏమీ అనలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం షాపుకి ఫోన్ వచ్చింది. "మ్యామ్" అన్న మాటతోనే ఎవరో తెలిసిపోయింది. ఆమె మిషన్ ఆపి, వెనక బట్టలు వేలాడే వైపు వెళ్ళింది.

పొలం చూసుకుంటున్నానని చెప్పాడు. ఎవరో ఆ పేజీ పంపారట.

"మీకు అప్పుడే తెలుసా?" అని అడిగింది.

"అంపైర్ వేలు నా ముక్కు దగ్గర పెట్టినప్పుడే. మీ వంటింటి వాసన."

"మరి కోచ్‌కి ఎందుకు చెప్పలేదు?"

అతను కాసేపు ఆగాడు. తండ్రి లాగే ఆగడం నేర్చుకున్నాడు. "మీరు చెబుతారనుకున్నాను. మీరు అటు తిరిగాక, నేను చెబితే బాగుండదనిపించింది."

ఆమె క్షమించమని అడిగింది. ఎప్పటి సంగతో లెండి అది అన్నాడు. నా బంతిలో అంత వేగం లేదు, ఎలాగూ ఇంకో ఏడాదికి పంపించేసేవాళ్ళే అన్నాడు. అది నిజమో, తన కోసం అన్నాడో ఆమెకి తెలియలేదు. ఇంక ఎప్పటికీ తెలియదు కూడా.

"మీ నాన్నగారు బాగున్నారా?"

"పోయారు. నాలుగేళ్ళవుతోంది."

అతనే మళ్ళీ అందుకున్నాడు.

"ఆయన ఒక్కసారీ నన్ను అడగలేదు, మ్యామ్. పూశావా లేదా అని. అడిగితే చెబుదామని నేనూ చూశాను. ఊళ్ళో కాఫీ హోటల్‌కి వెళ్ళడం మానేశారు. కలిసి పొలంలో పనిచేశాం, నాలుగేళ్ళు, ఆ ఊసు ఎత్తకుండానే."

సుమతి హ్యాంగర్ల కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆ పొద్దున వంటింట్లో పలకాల్సింది ఒక్క వాక్యం. చెప్పి ఉంటే ఆ పెద్దాయన కాఫీ హోటల్‌లో పదిమంది మధ్య కూర్చుని ఉండేవాడు.

"మా అమ్మకి నేను చదివి వినిపించాను. నన్ను నమ్ముతుంది, కానీ నేను కొడుకుని కదా, నమ్మక ఏం చేస్తుంది. మీ నోటితో చెబుతారా?"

"చెబుతాను" అంది. తనకి తెలియని మనిషితో ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడటం ఆమెకి ఇప్పటికీ చెమటలు పట్టించే పని.

ఫోన్ చేతులు మారిన చప్పుడు. పెద్దావిడ హలో అంది. సుమతి తన పేరు చెప్పి, ఆపకుండా, మధ్యలో ఊపిరి కూడా సరిగా తీసుకోకుండా మొత్తం చెప్పేసింది.

"నేను కొంచెం చెవిటిదాన్ని. కూర్చోనీ. ఇప్పుడు మొదటినుంచి చెప్పు, మెల్లిగా" అంది ఆవిడ.

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. సుమతి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజు ఆదివారమని, మీ అబ్బాయి నిద్రపోతున్నాడని, తనని లేపి అడగకుండా ఆ గ్లవ్ నేనే తీశానని, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.